పెరటిచెట్టు మందునకు పనికిరాదా?

ఇట్టి సంచికలలో భాషను గూర్చియు, పండుగలను గూర్చియు, మన పూర్వులు ఏ రాజుల కాలమున ఈ సీమలకు వచ్చి స్థిరపడిరను దానిని గూర్చియు వ్యాసములు వచ్చుట వాడుక. మేమీసారి అర్థశాస్త్రమును గూర్చి, అందును ఇరుకైన ఒక సంగతిని గూర్చి వ్రాయబూనితిమి. అభివృద్ధి అర్థశాస్త్రమున పరిశోధన చేయదలచిన మన యింటి బిడ్డ తన సిద్ధాంతవ్యాసమునకు ఏ విషయమును ఎన్నుకొనవలెను? అది గురుశిష్యులు తేల్చుకొనవలసిన మాట, మనకేల యని చదువరులు విసుగుకొనవచ్చును. అది మన మాటయే యని మా వాదము. సోలాపురములో బీడీలు చుట్టు స్త్రీ కూలి యెట్లు నిర్ణయమగుచున్నదో, సింధనూరు ప్రాంతమున కాలువ చివరి పొలమునకు నీరెందుకు చేరదో, హోసూరు బడిలో పిల్లవాని చదువుభాష మారుట వలన వానికి కలిగినది లాభమో నష్టమో, వీనిని ఎవరైన అడుగుదురా, అడుగరా యనునది ఆ ఎన్నికతోనే నిర్ణయమగుచున్నది.

నేడు మన విద్యార్థులు విషయమును ఎన్నుకొను తీరు ఇట్లున్నది. మొదట ఏ గణాంకములు చేతికి సులువుగ దొరకునో చూతురు. పిదప ఏ గణితపద్ధతి పత్రికలవారికి ప్రీతిపాత్రమై యున్నదో చూతురు. ఈ రెంటికిని సరిపోవునట్లు ప్రశ్నను కడపట కుట్టించెదరు. ముందు చెప్పులు కొని, వానికి తగిన పాదముల కొరకు ఊరెల్ల తిరిగినట్లున్నది వ్యవహారము. ఈపాటి శ్రమకు కూడ ఓర్వనివారికి మరియొక మార్గము కలదు. గైడుగారి గదిలో ఒక పాత సిద్ధాంతవ్యాసముండును. దాని పేరులోని జిల్లాను తీసి మరియొక జిల్లాను పెట్టిన చాలును. ‘ఫలానా జిల్లాలో స్వయంసహాయక సంఘముల వలన స్త్రీల పురోగతి: ఒక అధ్యయనము’ అను తీరున, జిల్లా పేరు మాత్రము మారుచు, ఎన్ని గ్రంథములు విశ్వవిద్యాలయముల బీరువాలలో దుమ్ముపట్టి యున్నవో! వానిని లెక్కపెట్టుటయే ఒక మంచి పరిశోధన కాగలదు.

పద్ధతిని మేము నిందించుట లేదు. ఈ కాలమున మిక్కిలి పేరుపొందినది ప్రయోగపద్ధతి. చీటీలు వేసి కొన్ని యూళ్లకు ఒక పథకమును ముందు ఇచ్చి, తక్కిన యూళ్లను కొంతకాలము ఆపి, రెంటిని పోల్చి చూచుట దాని సారము. ఈ పద్ధతికే 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్ అను ముగ్గురకు నోబెల్ బహుమానము వచ్చినది. తెలుగుదేశమే దీనికి పెద్ద ప్రయోగశాల యైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఉపాధిహామీ కూలిని, పింఛనులను స్మార్టుకార్డుల ద్వారా చెల్లించుట వలన కలిగిన ఫలితమును కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అను వారు 157 మండలములలో పరిశీలించి 2016లో ప్రకటించిరి. కూలి త్వరగా చేతికందెననియు, నడుమ కారిపోవు సొమ్ము తగ్గెననియు తేల్చిరి. హైదరాబాదులోని 104 పేటలలో చిన్న ఋణముల ఫలితమును పరిశీలించి 2015లో ప్రకటించిన మరియొక అధ్యయనము, ఆ అప్పుల వలన బీదతనము మాయమగునను మాట నిజము కాదని చూపినది. ఇవి ఘనమైన పనులు. వీనిని తక్కువ చేయువారితో మాకు పొత్తు లేదు.

మా తగవు వేరు. చీటీలు వేసి పంచదగిన వస్తువును గూర్చి మాత్రమే ప్రశ్నలు అడుగుట యలవాటైనచో, చీటీకి లొంగని సంగతులన్నియు శాస్త్రమునకు వెలియగును. రాష్ట్రపు సరిహద్దును ఎవడు చీటీ వేసి గీసినాడు? తాత యెప్పుడో మగ్గమును భుజమున వేసికొని ఊరు విడిచి వచ్చుట ఏ చీటీలో నున్నది? మూడు తరములుగ ఒక కులమువారు తమవారికే అప్పిచ్చుటను చీటీ వేసి మాన్పించగలమా? 2015లో నోబెల్ బహుమానము పొందిన ఆంగస్ డీటన్ కూడ 2010లో వ్రాసిన యొక వ్యాసమున ఈ మోజును గట్టిగ మందలించెను. ఒక పథకము పనిచేసినదా లేదా యనుటతో సరిపోదు, ఏల పనిచేసినదో తెలియవలెనని ఆయన వాదము. మన పిల్లలు బహుమానము వచ్చిన సంగతిని చదివినంత శ్రద్ధగ ఆ వ్యాసమును చదివినట్లు కానరాదు.

పేరుపొందిన గ్రంథములను నిదానముగ చూచినచో వానిలో ప్రశ్నయే ముందు నడచినదని తెలియును. అమర్త్యసేన్ 1943 నాటి బెంగాలు కరవును తొమ్మిదియేండ్ల బాలుడుగ కంటితో చూచెను. 1981లో ఆయన ప్రకటించిన గ్రంథము అడిగిన ప్రశ్న మిక్కిలి సరళమైనది. తిండిగింజలు 1941లో ఉన్నదానికంటె తక్కువ కాకున్నను లక్షలమంది ఏల చచ్చిరి? ఎస్తేర్ డుఫ్లో విద్యార్థినిగా నున్నపుడు అడిగినది ఇంకను సరళము: బడులు కట్టిన కూలి పెరుగునా? ఇండోనీషియా ప్రభుత్వము 1973 మొదలు 1979 లోపల 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలను కట్టెను. బడి కట్టునాటికి చిన్నవారుగ నున్నవారిని, ఈడు మించిపోయినవారిని, బడులు ఎక్కువ వచ్చిన జిల్లాలలోను తక్కువ వచ్చిన జిల్లాలలోను ఆమె పోల్చెను. చదువును పెరిగినది, సంపాదనయు పెరిగినది. అందు చీటీలు లేవు. ప్రయోగపద్ధతికి ప్రవక్త యనిపించుకొన్న ఆమెయే తొలిపనిని ఇట్లు చేసినదని మన పిల్లలు గుర్తింపవలెను.

ఫ్రాన్సు దేశపు పడుచు ఇండోనీషియాను గూర్చి వ్రాసినపుడు మనవాడు బ్రెజిలును గూర్చి ఏల వ్రాయరాదని ఎదురడుగవచ్చును. వ్రాయవచ్చును, ప్రశ్న నిజముగ వానిదైనచో. కాని చాలమంది బ్రెజిలును కోరుట బ్రెజిలుపై మక్కువతో కాదు. దూరపు కొండలు నునుపు. పెరటిచెట్టు మందునకు పనికిరాదనుకొనుట మన జాతికి పాత రోగము.

ఈ రోగము లేని యొక కాలమును ఇచట తలచుకొందము. మదరాసు విశ్వవిద్యాలయమున భారతీయ అర్థశాస్త్రమునకు తొలి ఆచార్యుడుగ వచ్చిన గిల్బర్టు స్లేటరు అను ఆంగ్లేయుడు 1916 ప్రాంతమున ఒక చిత్రమైన పని చేసెను. పుస్తకములలోని ఇంగ్లండు సంగతులను వల్లెవేయుచున్న విద్యార్థుల చేతికి ప్రశ్నల పట్టీ నిచ్చి, సెలవులకు పోయి మీకు తెలిసిన యూళ్లను చూచి రండని పంపెను. ఎవని భూమి యెంత, అప్పెంత, కూలి యెంత, బావులెన్ని యను లెక్కలను వారు తెచ్చిరి. 1918లో అవి గ్రంథముగ వెలువడినవి. ఆ యూళ్లను 1937లో మరల చూచిరి, 1961లో చూచిరి, తరువాతను చూచిరి. దక్షిణార్కాటులోని ఇరువేల్పట్టు అను గ్రామమునకు 1916 మొదలు 2008 వరకు వ్రాతలో నున్న ఆర్థికచరిత్ర కలదు. అంత పొడవైన చరిత్ర గల గ్రామములు ప్రపంచమున అరుదు. ఆ సంపద యంతయు సెలవులకు ఊరికి పోయిన కొందరు కుఱ్ఱవాండ్ర కాగితములతో మొదలైనది. పూనా దాపున పింప్లా సౌదాగర్ గ్రామమును హెరాల్డు మాన్ అను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1917లో గ్రంథము ప్రకటించుటయు ఆ కాలముననే.

ఇక మనకు ఇంకను దగ్గరి యుదాహరణము. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థవారు 1975లో మెట్టప్రాంతపు గ్రామములను ఎన్నుకొని, అక్కడనే పరిశోధకులను కాపురముంచి, ఇంటింటి పంటను, పనిని, తిండిని ఏండ్ల తరబడి వ్రాయించిరి. మహబూబ్‌నగరు జిల్లాలో ఔరేపల్లి, దోకూరు. సోలాపురము జిల్లాలో షిరాపుర్, కల్మన్. అకోలా జిల్లాలో మరి రెండు. ఆ లెక్కలను ప్రపంచపు నలుమూలల నుండి వచ్చినవారు వాడుకొనిరి. అందులో రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అను ఇద్దరు 1989లో ప్రకటించిన వ్యాసమును మన యిండ్లలోని పెద్దలకు చదివి వినిపింపవలెనని మాకు తోచుచుండును. వారడిగినది ఇది: మెట్టరైతులు ఆడపిల్లలను ఊరిలోనే ఈయక దూరపు ఊళ్లకేల ఇచ్చుచున్నారు? వారు కనుగొన్న సమాధానములో అర్థశాస్త్రము కలదు. ఒక యూరిలో వాన తప్పిన యేట దూరపు వియ్యంకుని యూరిలో పడియుండవచ్చును. అట్టి సంబంధములు గల యింట పంట పోయినను తిండి అంతగా తగ్గదు. బీమా కంపెనీ లేనిచోట వియ్యమే బీమా యైనది.

దీనిని విన్న మన ముత్తవ్వ నవ్వి, “ఇది తెలియుటకు అంత చదువు కావలెనా?” యని యుండును. ఆమెకు తెలిసిన సంగతిని శాస్త్రము అంగీకరించునట్లు నిరూపించుటకు అంత చదువు కావలసినది. కాని ప్రశ్న మాత్రము ఆమె గడపలోనే ఉండెను. మహబూబ్‌నగరునకును సోలాపురమునకును నడుమ బంధుత్వములు గల కుటుంబములు మనలో నెన్నియో కలవు. ఆ ప్రశ్నను అడుగుటకు ఇద్దరు పరదేశపు ఆచార్యులు రావలసివచ్చినది. అట్లే మండ్య దాపున కాలువ వచ్చిన యూరిని, కాలువ రాని యూరిని పోల్చి, కాలువ రాని యూరివారే కొత్త వృత్తులలోనికి చొరవగా పోయిరని 1962లో చూపిన స్కార్లెట్ ఎప్‌స్టీనును పరదేశమే పంపినది. తుంగభద్ర ఎడమకాలువ క్రింద నీటి పంపకమును గూర్చి పెద్ద గ్రంథము వ్రాసిన పీటర్ మోలింగా డచ్చి దేశస్థుడు. వారికి మనము కృతజ్ఞులము. సిగ్గు పడవలసినవారము కూడ.

ఇప్పుడు అసలు ఫిర్యాదునకు వచ్చుచున్నాము. రాష్ట్రేతర తెలుగువాడు లెక్కలలో కనబడడు. 2011 జనగణన ప్రకారము తమిళనాడులో 40 లక్షలకు పైగా, కర్ణాటకములో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రములో సుమారు 13 లక్షల మంది తెలుగు మాతృభాషగా చెప్పుకొనిరి. 2021లో జరుగవలసిన జనగణన ఆ యేట జరుగనే లేదు. ఆ పాత సంఖ్యలకు మించి మనకు తెలిసినదెంత? జాతీయ నమూనా సర్వేవారు కుటుంబవ్యయమును అడుగునపుడు మతము నడుగుదురు, సామాజికవర్గము నడుగుదురు, మాతృభాషను అడుగరు. కావున సోలాపురపు పద్మశాలి కుటుంబము ఆ లెక్కలో మహారాష్ట్రపు నగరవాసి, వెనుకబడిన తరగతి, అంతే. అభివృద్ధి శాస్త్రమునకు రాష్ట్రము కనబడును, జిల్లా కనబడును. వాని నడుమ చిక్కుకొన్నవారు కనబడరు.

దీనికి ఒక మంచి గ్రంథమునుండియే సాక్ష్యము చూపుదుము. 1956 నాటి భాషాప్రయుక్త రాష్ట్రముల ఏర్పాటు వలన చదువునకు మేలు కలిగినదా యను ప్రశ్నను తరుణ్ జైన్ అను ఆర్థికవేత్త 2017లో ప్రకటించిన వ్యాసమున పరిశీలించెను. పాత రాష్ట్రములలో అధికారభాష వేరు, ప్రజలభాష వేరుగా నున్న జిల్లాలు చదువులో వెనుకబడి యుండెననియు, రాష్ట్రములు మారిన పిదప అవి తక్కినవానిని అందుకొనుచు వచ్చెననియు ఆయన చూపెను. చక్కని పని. మాతృభాషలో చదువు చెప్పవలెనన్న వాదమునకు అంతకంటె బలము లేదు. కాని చదువరులారా, ఆ లెక్కలో జిల్లాయే కొలబద్ద. తన భాష గల రాష్ట్రములోనికి చేరిన జిల్లా కథ అందు కలదు. 1953 అక్టోబరు 1న బళ్లారి తాలూకా మైసూరునకు పోయినపుడు అందు మిగిలిన తెలుగు కుటుంబపు కథ అందు లేదు. సరిహద్దు ఒక పక్కను చేర్చినపుడు మరియొక పక్కను విడదీయును. చేరినవారు పొందిన లాభము కొలవబడినది. విడిపోయినవారి నష్టమును ఎవరు కొలిచెదరు? ఒకవేళ నష్టమే లేదేమో. అదియు ఎవరు చెప్పెదరు?

హోసూరును తీసికొనుడు. తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన చట్టము ప్రకారము ఆ విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో మొదలిడి, ఏటికొక తరగతి చొప్పున తమిళము నిర్బంధమగుచు 2015-16 నాటికి పదవ తరగతికి చేరెను. మైనారిటీ భాషలవారు న్యాయస్థానములకు పోయిరి, మినహాయింపులు పొందిరి, ఆ తగవు అందరకు తెలిసినదే. సభలలో దానిని గూర్చి మనము చేసిన ఉపన్యాసములకు లెక్క లేదు. అయితే 2005లో బడిలో చేరిన అన్నకు ఆ నిర్బంధము లేదు, 2006లో చేరిన తమ్మునికి కలదు. ఇల్లొక్కటే, తల్లిదండ్రులొక్కరే, బడియు ఒక్కటే. ఇండోనీషియాలో డుఫ్లో వెదకి పట్టుకొన్న పోలిక వంటి పోలిక మన యింటి అరుగుమీద కూర్చుండి యున్నది. ఆ పిల్లలిప్పుడు కొలువులలో చేరు వయసువారు. ఎవరు పై చదువునకు పోయిరి, ఎవరు నడుమ మానిరి, ఎవరికి ఏ పని దొరకినది అని ఇంటింట అడిగి వ్రాసినచో సభలలోని వేయి ఉపన్యాసములు చేయలేని పనిని ఒక్క సిద్ధాంతవ్యాసము చేయును. మినహాయింపు పొందిన బడులను, పొందనివానిని వేరుచేసి చూడవలసిన చిక్కు కలదు. చిక్కు లేని విషయము పరిశోధన కాదు, గుమాస్తాపని.

ఇక్కడ మన సంఘములవారు ఉలికిపడు ప్రశ్న యొకటి కలదు. తమిళము గట్టిగ నేర్చినందున తమ్మునికే మంచి కొలువు వచ్చినదని తేలినచో? తేలవచ్చును. తేలిన దానిని అచ్చువేయవలెను. సమాధానము ముందే తెలిసిన ప్రశ్న ప్రశ్న కాదు. ‘కర్ణాటక అభివృద్ధికి తెలుగువారి సేవ’ వంటి విషయమును పిల్లలకు సూచించు పెద్దలు మనలో చాలమంది కలరు. కాకిపిల్ల కాకికి ముద్దు. సన్మానపత్రమును సిద్ధాంతవ్యాసమని పిలిచినంత మాత్రమున అది శాస్త్రము కాజాలదు.

తుంగభద్ర క్రింద ఈ మాట మరియు చేదుగ నుండును. 1953లో ఆనకట్ట పూర్తియైన పిదప కృష్ణా గోదావరి మండలముల నుండి రైతులు పోయి గంగావతి, సింధనూరు ప్రాంతములలో భూములు కొని క్యాంపులు కట్టుకొనిరి. మెట్టను మాగాణి చేసిరి. ఆ కష్టమును గూర్చి మనమెంత చెప్పుకొన్నను తప్పులేదు. కాని ఆ కాలువను రచించినవారు చాల భాగమును ఆరుతడి పైరులకు ఉద్దేశించిరి. ఎగువను అంతటను వరి పడినచో చివరి ఆయకట్టునకు నీరెట్లు చేరును? చివర నున్న కన్నడ రైతు అడుగుచున్న ప్రశ్న అది. క్యాంపులో పుట్టిన తెలుగు విద్యార్థియే దానిని ఎత్తుకొనవలెనని మేమందుము. తూము కడ లస్కరుతో తన తండ్రి మాటలాడు తీరు వానికి తెలియును. రాత్రివేళ ఎవరు తూము తెరతురో తెలియును. కన్నడము వచ్చును. 2024 ఆగస్టులో ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయినపుడు నీరు వదలివేయవలసివచ్చినది. ఆ యేట ఎగువ ఎంత నాటిరి, దిగువ ఎంత నాటిరి, ఎవరు అప్పు చేసిరి అని అడుగుటకు అంతకంటె సమయము దొరకునా? తనవారికి ఇష్టము కాని సమాధానము రావచ్చునని తెలిసియు అడిగినవాడే పరిశోధకుడు.

సోలాపురమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. తెలంగాణమునుండి మన నేతగాండ్రు అక్కడకు పోవుట పందొమ్మిదవ శతాబ్దమునాటి మాట. మిల్లుబట్ట వచ్చి చేనేత యంతయు చచ్చినదని బడిలో నేర్చుకొన్న కథకు సోలాపురము ఒప్పుకొనదు. తీర్థంకర్ రాయ్, డగ్లస్ హేన్స్ వంటి చరిత్రకారులు చూపినట్లు, నేతగాండ్రు తావులు మారిరి, పనిముట్లు మార్చిరి, సరకు మార్చిరి, కొందరు కార్ఖానా యజమానులైరి. చీరలు నేసినచోటనే దుప్పట్లు, తువ్వాళ్లు వచ్చినవి. యజమానియు తెలుగువాడే, మగ్గముపై కూలివాడును తెలుగువాడే. ఈ ఒక్క భాష కూలికి మేలు చేసినదా, కీడు చేసినదా? మనవాడని కష్టకాలమున అప్పిచ్చునా, మనవాడే కదా యని కూలి తగ్గించునా? తిరుప్పూరు బనియను పరిశ్రమలో గౌండర్లకు తమవారి నుండి పెట్టుబడి సులువుగ దొరకుననియు, బయటివారు తక్కువ పెట్టుబడితో మొదలిడియు వేగముగ పెరుగుదురనియు అభిజిత్ బెనర్జీ, కైవన్ మున్షీ 2004లో చూపిరి. సొమ్ము నేర్పును వెదకికొని పోక బంధుత్వమును వెదకికొని పోవుచున్నదని దాని అర్థము. ఆ ప్రశ్ననే సోలాపురపు కార్ఖానాలకు వేసినచో ఏమి తేలునో!

ఆ యిండ్లలోని స్త్రీలు బీడీలు చుట్టుదురు. తునికాకు, పొగాకు తెచ్చుకొని యింట కూర్చుండి వేయికింత యని చుట్టి కార్ఖానాకు తిరిగి ఈయవలెను. సోలాపురము శివారున కుంభారిలో బీడీ కార్మిక స్త్రీలకై 10,000 ఇండ్లు కట్టి 2006లో అప్పగించిరి. దాని వెనుక నరసయ్య ఆడం నాయకత్వమున సాగిన దీర్ఘమైన కార్మికోద్యమము కలదు. ఇల్లు చేతికి వచ్చిన పిదప ఆ యింటి ఆడపిల్ల బీడీచాటను వదలెనా? ఊరికి దూరమగుటచే పని తగ్గెనా? సొంత కప్పు క్రింద కోడలి మాటకు విలువ పెరిగెనా? ఇల్లు దొరకినవారిని, అదే పేటలో నుండి దొరకనివారిని పోల్చవచ్చును. అయితే పూనానుండి వచ్చిన సర్వేవాడు మరాఠీలో అడుగును. ఆమె మరాఠీలో రెండు మాటలు చెప్పును. వాడు లేచిపోయిన పిదప తోటికోడలితో తెలుగున చెప్పుకొన్నదే అసలు సమాధానము. ఆ రెండవ సమాధానమును వినగలవారు మన బిడ్డలు తప్ప వేరొకరు లేరు.

యానామును మరచుట అన్యాయము. గౌతమి యొడ్డున సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల. 2011లో 55,000 పైచిలుకు జనము. చుట్టును ఆంధ్రప్రదేశమే. పాలనము మాత్రము 1954 వరకు ఫ్రెంచివారిది, పిదప వందల కిలోమీటర్ల దూరముననున్న పుదుచ్చేరిది. నేల యొక్కటి, నీరొక్కటి, భాష యొక్కటి, ఖజానాలు రెండు. అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రముల సరిహద్దుకు ఇరుపక్కలనున్న భోజనశాలలను పోల్చి, కనీసవేతనము పెంచిన పనులు పోవునను నమ్మకమును 1994లో కార్డు, క్రూగరు అను వారు కదలించిరి. కార్డునకు 2021లో నోబెల్ బహుమానము వచ్చినది. యానాములో నడిచి దాటదగిన సరిహద్దు కలదు. జనులు లాభము కొరకు ఈ పక్కనుండి ఆ పక్కకు కాపురము మార్చుట పోలికను చెరచునని పరీక్షకులు అనవచ్చును. అట్లయిన ఆ మార్పునే కొలువవలెను. ఒడిశాలో బరంపురము, సరిహద్దున కీవలి ఇచ్ఛాపురము 1936 ఏప్రిల్ 1కి ముందు ఒకే గంజాం జిల్లాలోనివి. అక్కడను ఇట్టిదే ఒక పోలిక ఎదురుచూచుచున్నది.

సొంతవారిని గూర్చి వ్రాసిన నిష్పక్షపాతము చెడునని కొందరి భయము. లెక్కలను బయట పెట్టి, ఎవరైన మరల సరిచూచుకొనునట్లు చేయుటయే దానికి విరుగుడు. పరాయివాడైనంత మాత్రమున ఎవడును నిష్పక్షపాతి కాడు. ఇంత చిన్న సముదాయము పై వ్రాసిన దానిని పెద్ద పత్రికలు వేయవనుట మరియొక భయము. ఔరేపల్లి యెంత పెద్ద యూరు?

ఉద్యోగపు మాటను మాత్రము తోసివేయలేము. పిల్లవాడు ఐదేండ్లు చదివి ఇంటికి సొమ్ము తేవలెనను తల్లిదండ్రుల ఆశ తప్పు కాదు. అయితే ఉద్యోగమిచ్చు సభలో కూర్చున్నవారు వందమంది వాడిన గణాంకములనే వాడిన నూటయొకటవ వానిని గుర్తుంచుకొందురా? ఇతరులకు దొరకని లెక్కలను సొంత కాళ్లతో తిరిగి తెచ్చినవానిని గుర్తుంచుకొందురా?

ఆ లెక్కలు దొరకు చోట్లును చెప్పెదము. 1956 రాజ్యాంగ సవరణ వలన 350-ఎ, 350-బి అధికరణములు వచ్చినవి. మైనారిటీ పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పు వసతి కల్పించుట మొదటిది. దానిని కనిపెట్టుటకు ప్రత్యేకాధికారి నియామకము రెండవది. ఆ అధికారి కార్యాలయము వెలువరించిన నివేదికలు ఏబదికి మించినవి. ఏ రాష్ట్రము తన మైనారిటీ భాషల బడులను గూర్చి ఏమని జవాబిచ్చినది, ఏ రాష్ట్రము జవాబే ఈయలేదు అను సంగతులు వానిలో కలవు.

అంతకంటె విలువైనవి మన యిండ్లలోనే యున్నవి. మగ్గముల కార్ఖానా పద్దు పుస్తకములు, చిట్టీల జాబితాలు, సహకార సంఘపు ఖాతాలు, క్యాంపులో భూమి కొన్ననాటి దస్తావేజులు, మూసివేసిన తెలుగు బడి హాజరుపట్టీలు, ఈ సంఘపు తొలినాటి చందా పుస్తకములు. వీనిని పరిశోధకుని కంట పడనీయుటకు మనకు సంకోచము. వడ్డీ యెంత పుచ్చుకొన్నామో తెలియునని భయము. బిడ్డ వచ్చి అడిగినచో, “ఆ పాతచెత్త నీకేల, కంప్యూటరు ముందు కూర్చుండి పని చూచుకొమ్ము” అందుము. పండుగకు ఇల్లు వెల్లవేయునపుడు ఆ చెత్తనే తూకమునకు అమ్ముదుము. ఈ యేడు వెల్లవేయుటకు ముందు, ప్రతి సంఘము తన ఊరిలో అర్థశాస్త్రము చదువుచున్న ఒక్క విద్యార్థినైనను పిలిచి ఆ అటకపైకి నిచ్చెన వేయవలెనని కోరుచున్నాము. దారిఖర్చులకును, నకళ్లకును అగు సొమ్ము ఈ సంచిక అట్టపై వేసిన రంగుబొమ్మ ఖర్చుకంటె ఎక్కువ కాదు.